ఆకు పొట్లం, ఒక్క ముద్ద

చెన్నైలో ట్రైనింగ్ జరిగినన్నాళ్లూ క్యాంటీన్‌లో తల వంచుకుని తిని లేచిపోయేదాన్ని. ఆఖరి సాయంత్రం, నాతోపాటు ట్రైనింగ్‌కు వచ్చిన మా ఖమ్మం సునీత, పెనుబల్లి లత నన్ను కొరియన్ హోటల్‌కు లాక్కెళ్లారు. ఈ ఒక్కరోజైనా వాళ్లతో నవ్వుతూ తినాలని గట్టిగా అనుకున్నాను.

మా ఊరు జూలూరుపాడులో పొయ్యి వంటింట్లో ఉంటుంది. ఇక్కడ నిప్పులు మా బల్ల మధ్యలోనే ఉన్నాయి! హోటల్ నడిపే కొరియన్ ఆవిడ వాటి మీద కాల్చిన మాంసాన్ని కత్తెరతో ముక్కలు చేశారు. లెట్యూస్ ఆకులో ఒక ముక్క, వెల్లుల్లి, ఎర్రకారం పెట్టి, పొట్లంలా మడిచి నా నోటి దగ్గరకు తెచ్చారు. పరాయి మనిషి చేతి ముద్ద! సిగ్గుతో సగమే కొరికాను. మిగతాదంతా ఒళ్లో పడింది.

"ఏందే గట్ల కొరుకుతున్నవ్? మొత్తం ఒక్కసారే పెట్టుకోవాలంట!" సునీత పడీపడీ నవ్వింది.

ఆవిడ ఇంకో పొట్లం చుట్టి, "ఆఁ..." అంటూ తన నోరు తెరిచి చూపించారు. మా నాయనమ్మ ఉంటే "ఆడపిల్ల గంత నోరు తెరుస్తదా?" అని కసిరేది. కళ్లు మూసుకుని నోరు తెరిచేశాను. పొగ వాసన, కారం, పచ్చి ఆకు చల్లదనం అన్నీ ఒక్కసారే! కళ్లలో నీళ్లు, ఆగని నవ్వు.

"హమ్మయ్య, మా పిల్ల నవ్విందండీ!" అని లత చప్పట్లు కొట్టింది.

మింగగానే నేనొక ఆకు తీసుకున్నాను. రెండు ముక్కలు, దండిగా కారం పెట్టి మడిచి, లేచి ఆవిడ ముందు నిలబడ్డాను.

"ఆఁ!" అన్నాను, హోటలంతా వినపడేలా.

చేతిలో కత్తెర అలాగే పట్టుకుని, ఆవిడ నోరు తెరిచారు.