ట్యాంకులో విరహగీతం

ఆ రోజుల్లో ఏ వస్తువునూ పరీక్షించకుండా నమ్మకూడదనీ, నన్ను నేను మాత్రం పరీక్ష లేకుండానే నమ్మవచ్చనీ అనుకునేవాణ్ణి. (వయసు అలాంటిది.) కాకినాడ నుంచి ఢిల్లీ వచ్చి, కొత్త వస్తువుల మీద సమీక్షలు రాసే చిన్న వెబ్‌సైట్‌లో చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒకరోజు మా బాస్ సబ్బుబిళ్లంత మ్యూజిక్ ప్లేయరొకటి చేతిలో పెట్టి, ప్లస్సులేమిటో మైనస్సులేమిటో నిజాయితీగా రాయమన్నాడు. వస్తువు భద్రంగా తిరిగి రావాలనీ అన్నాడు.

మునిర్కాలోని మా అద్దె గదిలో పరీక్షలు మొదలుపెట్టాను. స్పీకరు గట్టిగానే మోగింది. రికార్డింగు కూడా ఉందని తెలిసి, గొంతు సవరించుకుని, నేనే కట్టిన విరహగీతమొకటి పాడి ఎక్కించాను. ఇక మిగిలింది నీళ్లలో మునిగినా పాడుతుందన్న కంపెనీ మాట. బకెట్‌లో ముంచితే సరిపోయేది. కానీ నిజాయితీగల సమీక్షకుడికి లోతు కావాలి కదా! మేడమీదికెళ్లి, నా పాటే మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టి, దారం కట్టి, నీళ్ల ట్యాంకులోకి దించాను. ముడి వేసింది నేనే కాబట్టి ఊడిపోయింది. ప్లేయరు మునిగింది గానీ నోరు మూయలేదు.

కిందికి పరుగెత్తి, రూమ్మేటు వరంగల్ బావను (చుట్టరికమేమీ లేదు, అందరూ అలాగే పిలిచేవారు) వెంటబెట్టుకొచ్చేసరికి, ఇంటి ఓనరు ఆంటీ మేడమీద నిలబడి అరుస్తోంది.

"అరే, టంకీ మే కోయీ రో రహా హై!"

ట్యాంకులో ఎవరో ఏడుస్తున్నారట! వీధి వీధంతా మెట్లెక్కింది. ఒక అంకుల్ ట్యాంకులోకి వంగి, "ఘబరావో మత్, బేటీ!" అని ధైర్యం చెబుతున్నాడు. (నా గొంతును ఆడపిల్లదనుకున్న ఆ 'బేటీ' నన్ను మరీ బాధపెట్టింది.)

బావ చెవి ఒగ్గి విన్నాడు. "అరేయ్, గా ఏడ్సుడు నీదే గదరా!"

"పాట బావా అది," అన్నాను నీరసంగా.

విషయం ఒప్పుకోక తప్పలేదు. ఎండాకాలంలో నీళ్లు పారబోయడానికి ఎవరికీ మనసొప్పక, ఇంటింటి బకెట్లూ తెచ్చి నింపుకున్నారు. చివరికి ట్యాంకు అడుగున ప్లేయరు దొరికింది, పాడుతూనే. ఆంటీ దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు విని, "అచ్ఛా... గానా హై?" అంది, ఇది పాటా అన్నట్టు. గది ఖాళీ చేయమంటుందేమో అనుకున్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసి, "చల్, చాయ్ పీ లే బేటా," అని టీకి పిలిచింది.

ప్లస్సుల్లో నీళ్లను తట్టుకోవడం, బ్యాటరీ, ధ్వని రాశాను. మైనస్సు ఒకటే రాశాను: గొంతును ఉన్నదున్నట్టు రికార్డు చేస్తుంది. బాస్ పడీపడీ నవ్వి ఉద్యోగం ఖాయం చేశాడు.

ఇప్పుడు గురుగ్రామ్‌లో కాపురం. పక్క ఫ్లాటుకు వినిపిస్తుందేమోనని స్నానాల గదిలో సైతం కూనిరాగంతో సరిపెట్టుకుంటాను. వీధి జనమంతా పరుగెత్తుకొచ్చేటట్టు పాడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడంటే కాస్త అసూయ కూడా.