మంచం ఎత్తున చేపలు

మహారాష్ట్రలోని భివండీ పద్మనగర్‌లో మరమగ్గం మొరాయిస్తే సిద్ధిరాములును పిలుస్తారు. పంతొమ్మిదేళ్ల వయసులో సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కూలికి వచ్చినవాడు, ఇప్పుడు అరవై దాటాడు. చప్పుడు విని ఎక్కడ ఏ బోల్టు వదులైందో చెప్పగలడు. అతని భార్య చంద్రవ్వ ముప్పై ఏళ్లు అతను పనిచేసే కార్ఖానాలోనే కండెలకు నూలు చుట్టింది. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి ఆమెకు కుడి చేయి, కాలు, మాట పడిపోయాయి. అప్పటి నుంచి ఎక్కువసేపు గోడవైపు తిరిగే పడుకునేది. సిద్ధిరాములు ఏం చెప్పినా వినేది గానీ అతని వంక చూసేది కాదు.

కూతురు స్వర్ణ కాపురం దగ్గర్లోని కాల్హేర్‌లో. అల్లుడు పనిచేసే గోదాములో ఒక ఆఫీసు ఎత్తేస్తూ నాలుగడుగుల చేపల అద్దాల తొట్టిని వదిలేసి పోయారు. దాన్ని పాత పరుపులో చుట్టి, టెంపోలో తెచ్చి సిద్ధిరాములు ఇంట్లో దించారు. ఈ ఇరుకింట్లో ఇదెందుకని సిద్ధిరాములు విసుక్కుంటుండగా, చంద్రవ్వ మంచం మీంచి ఎడమ చేయి చాచి అద్దాన్ని తడిమింది. అరచేయి చాలాసేపు అక్కడే ఉంచింది. తొట్టిని ఎక్కడ పెట్టాలా అని అతను ఇల్లంతా కలియజూశాడు.

టేబుల్ మీద పెడదామన్నాడు అల్లుడు. సిద్ధిరాములు టేపు తీసి కొలిచాడు. రెండు వందల యాభై లీటర్ల నీళ్లు పడతాయి, అద్దంతో కలిపితే మూడు క్వింటాళ్లు. ఆ టేబుల్ ఒక్క పూట కూడా ఆగదు.

కార్ఖానాలో పడుగు నూలు చుట్టిన బీములు పెట్టే ఇనుప యాంగిల్ స్టాండొకటి మూలన తుప్పు పడుతోంది. అది కావాలని యజమాని భూపతిని అడగడానికి రెండు రోజులు తటపటాయించాడు.

"గిన్నేండ్లల్ల నువ్వు నన్ను ఏదీ అడగలే. తీస్కపో," అన్నాడు భూపతి.

ఆదివారాలు తుప్పు గీకాడు. వెల్డింగ్ చేసే కనుకయ్యతో కోయించి, అడ్డపట్టీలు వేయించి, నీలం రంగు పూశాడు. ఇంట్లో నేల, నీళ్లు పోయే మోరివైపు వాలుగా ఉంటుంది. సన్నటి పైపులో నీళ్లు పోసి మట్టం చూసి, రెండు కాళ్ల కింద ఇనుప పలకలు పెట్టాడు. పైన ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీటు వేశాడు. తొట్టిని ఒకేసారి నింపలేదు. పావు వంతు పోసి ఒక రోజు ఆగాడు, సగం పోసి ఇంకో రోజు ఆగాడు. పోసినప్పుడల్లా చెవి ఆనించి విన్నాడు. ఎక్కడా కిర్రుమనలేదు.

మూడో రోజు తొట్టి నిండింది. ఆ సాయంత్రం చంద్రవ్వకు జావ తాగించి, దిండు సరిచేయడానికి వంగినప్పుడు అతని తల ఆమె తల పక్కకు వచ్చింది. అక్కడి నుంచి చూస్తే నీలం పట్టీ, థర్మాకోల్ అంచు తప్ప ఇంకేమీ కనబడలేదు. నీళ్లు ఎక్కడో పైన ఉన్నాయి. ఇన్ని రోజులు తాను నిలబడి కొలిచాడు, నిలబడే చూశాడు. ఆమె ఇటు తిరిగినప్పుడల్లా ఆ ఇనుమునే చూసింది.

మర్నాడు నీళ్లన్నీ తోడేశాడు. ఆ వరస గదుల చాల్‌లోని ఆడవాళ్లు బకెట్లు తెచ్చి పట్టుకుపోయారు. స్టాండు మళ్లీ కనుకయ్య దగ్గరికి చేరింది. కాళ్లు అడుగున్నర మేర కోసేయమంటే అతను మిషన్ ఆపాడు.

"గంత కిందికెందుకన్నా? ఎవలైనా నిలవడే సూస్తరు గదా."

"సూసేది మీ వదినె. ఆమె పండుకొనే సూస్తది."

కనుకయ్య మళ్లీ మిషన్ వేశాడు. కోసిన అంచులు చేతికి గీరుకోకుండా తానే నున్నగా అరగదీసి ఇచ్చాడు.

తొట్టిని మళ్లీ నింపాక, ధామన్కర్ నాకా కూడలిలో ఆరు బంగారు చేపలు కొని తెచ్చాడు సిద్ధిరాములు. మొదటి వారం చంద్రవ్వ వాటిని చూసీ చూడనట్టు ఉంది. తర్వాత గోడవైపు తిప్పితే ముఖం చిట్లించి, ఇటు తిప్పమని ఎడమ చేత్తో సైగ చేయసాగింది. వానాకాలం వచ్చేసరికి కుడి చేతి వేళ్లతో మేత పట్టుకోవడానికి ప్రయత్నించేది. సగం దుప్పటి మీద పడేది. సిద్ధిరాములు ఏరి మళ్లీ ఆ వేళ్ల మధ్యే పెట్టేవాడు.

ఒక ఆదివారం అతను ఏదో ఆలోచనలో డబ్బా వంచి మేత పోస్తూనే ఉన్నాడు.

"సాలు."

పక్కింటివాళ్ల మాటనుకున్నాడు. తిరిగి చూస్తే చంద్రవ్వ తన వంకే చూస్తోంది. పెదవులు మళ్లీ కష్టంగా కదిలాయి.

"ఎయ్యకు."

డబ్బాకు మూత పెట్టి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. 

"సరే తియ్యి," అన్నాడు. "రేపటి సంది ఎంత ఎయ్యాల్నో నువ్వే చెప్పు."

ఆమె తలూపి, చేపల వైపు తిరిగింది.