సూర్యారావు గారి మూడు ఉద్యోగాలు

1952లో నేను అమలాపురం రేషను ఆఫీసులో లోయర్ డివిజన్ గుమాస్తాను. ఆ ఏడే తిండిగింజల మీద కంట్రోళ్ళు ఎత్తేశారు, ఆఫీసు మూసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ఆఖర్న చేరినవాణ్ణి ముందు తీసెయ్యాలన్నది నిబంధన. నా దస్తూరీ బావుంటుందని ఆ జాబితా నాచేతే రాయించారు. అందులో మొదటి పేరు నాది, రెండోది చెకింగ్ గుమాస్తా సూర్యారావు గారిది.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో కార్డు తీసుకుని నేను గుట్టుగా ఊరుకున్నాను. పరువు పోతుందని ఇంట్లో కూడా చెప్పలేదు. మా ఆవిడ కట్టిచ్చిన క్యారేజీతో రోజూ పదింటికి వెళ్ళి, తాళం వేసిన ఆఫీసు అరుగు మీద కూర్చుని తిని, అయిదింటికి అలసిపోయినట్టు ఇంటికొచ్చేవాణ్ణి. ఇంత తెలివితక్కువ పని నెల రోజులు శ్రద్ధగా చేశాను. రేషను గుమాస్తా ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటింది. భయంతో నిద్ర పట్టేది కాదు.

సూర్యారావు గారు మాత్రం ముక్తేశ్వరం రేవులో పడవెక్కిన ప్రతివాడికీ తన ఉద్యోగం ఊడిందని చెప్పారు. మా వైపు "ఎవరి తాలూకండీ?" అని మొదలెడితే అవతలి ఒడ్డు చేరేలోగా చుట్టరికం కలిసిపోతుంది. అలా కలిసిన బాబాయిగారు రైసుమిల్లులో, మావయ్యగారు కలప అడితిలో, బావగారు అంబాజీపేట కొబ్బరి కొట్టులో పని చూశారు. ఎవరినీ కాదనలేక ఈయన ముగ్గురికీ "ఆయ్, వచ్చేస్తానండీ" అన్నారు. మూడు చోట్లా సోమవారమే చేరాలి.

శనివారం నేను అరుగు మీద అన్నం తింటుండగా ఆయన వచ్చారు.

"మీ డ్రాఫ్టింగు బావుంటుందండీ. మిల్లులో చేరతాను గానీ, తక్కిన ఇద్దరికీ క్షమాపణ ఉత్తరాలు రాసిపెడుదురూ. కొత్త చుట్టాలండీ, నొచ్చుకుంటారు."

అడితి ఉత్తరం పద్ధతిగానే రాశాను. విషయం, దాని కింద "రిఫరెన్సు: పడవలో జరిగిన సంభాషణ". కొబ్బరి కొట్టు ఉత్తరానికి కలం సాగలేదు. సిగ్గు విడిచి నాకూ పని లేదని చెప్పాను.

ఆయన తెల్లబోయారు. "రోజూ ఇక్కడే కనపడుతుంటే, మిమ్మల్ని మళ్ళీ తీసుకుని తాళానికి కాపలా వేశారనుకున్నానండీ. కొబ్బరి కొట్టుకి మీరెళ్ళండి."

సోమవారం కొట్టు యజమాని నన్ను ఎగాదిగా చూశారు. "సూర్యారావు గారికి తమరేమవుతారండీ?"

"ఏమీ కానండీ. ఇద్దర్నీ ఒకే లిస్టులో తీసేశారు."

"అయితే దగ్గరవాళ్ళేనండీ. కూర్చోండి."

ఆ కొట్టులోనే గోదాము మేనేజరునై రిటైరయ్యాను. మా బంధువులకు తెలిసిన కొలువులన్నీ నాకూ తెలిసినవే. తెలియని కొట్టు కబురు మాత్రం సూర్యారావు గారికి పడవలో తగిలిన, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర్నుంచి వచ్చింది. ఉద్యోగం పోతే ముందు ఇంట్లో చెప్పాలి, ఆ తరవాత ఎదురైన ప్రతివాడికీ చెప్పాలి. చెప్పడానికి సిగ్గుపడిన ఆ నెల నా సర్వీసులో ఎక్కడా కలవలేదు.