డి డ్రైవ్‌లో అమ్మమ్మ అంచు

ఈమధ్య కొంటున్న ప్లాస్టిక్ కుర్చీల్లో నాలుగు కాళ్లూ ఒకే పొడవున్నది నాకు ఇంతవరకు తగల్లేదు. షాపుకొచ్చేవాళ్ల కోసం రెండు తెచ్చాను. రెండూ కూర్చున్న మనిషిని కొంచెం పక్కకు వంచి పెడతాయి. అమ్మినాయన్ని అడిగితే "నేల చూసుకోండి సార్" అన్నాడు. చూసుకున్నాను. నేల బాగానే ఉంది. ఈ సంగతికీ కింద చెప్పబోయేదానికీ సంబంధం లేదు. ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలి కదా అని రాశాను.

2023 వానాకాలం. సూర్యాపేటలో నాది కంప్యూటర్ రిపేరు షాపు. ఎంసీఏ చదివాను. ఆ చదువులో చాలా భాగం వాడకుండా ఇప్పటికీ కొత్తగానే ఉంది. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ "స్లో అయింది", లేకపోతే "ఆన్ అయితలేదు". మిగతావి ప్రింటర్లు. వాటి గురించి మాట్లాడుకోకపోతేనే మంచిది.

ఒకరోజు పొద్దున ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, తల్లీ కూతుళ్లు. కూతురి పేరు కవిత. కోదాడలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు నడుపుతుంది. జాకెట్ల మీద, లంగా అంచుల మీద మిషన్‌తో కుట్టే పని. డిజైన్‌ను ముందు కంప్యూటర్‌లో కుట్టు తర్వాత కుట్టుగా గీసుకుని, తర్వాత మిషన్‌కు ఎక్కిస్తారు. తల్లి కమ్లమ్మది నడిగూడెం దగ్గర తండా. కంటి దవాఖానకు వచ్చింది, పనిలో పనిగా కూతురి పని కూడా అయితదని ఇటు వచ్చారు. వాళ్లిద్దరూ లంబాడీలో మాట్లాడుకుంటున్నారు. నాకు ఆ భాష రాదు. మధ్యమధ్యలో "పెన్‌డ్రైవ్", "ఫార్మాట్" అనే మాటలు వినపడేసరికి కేసు మాత్రం సగం అర్థమైంది.

కవిత బ్యాగులోంచి చిన్న ఎర్ర డబ్బా తీసింది. నగల షాపులో ఉంగరం కొంటే ఇచ్చే డబ్బా. అందులో దూది పరిచి ఒక పెన్‌డ్రైవ్ పెట్టుంది.

"అన్నా, సాఫ్ట్‌వేర్ దీంట్లనే ఉంది. కొత్త కంప్యూటర్‌కు పెడితే తెరుస్తలేదు. కోదాడల ఇద్దరికి సూపెట్టిన. ఒకాయన కరప్ట్ అయిందన్నడు. ఇంకొకాయన విండోస్ మార్చాలన్నడు."

"మార్చాడా?"

"రెండుసార్లు మార్చిండు."

మా వృత్తిలో కరప్ట్ అనే మాట దవాఖానలో గ్యాస్ అనే మాటలాంటిది. ఏ నొప్పికైనా సరిపోతుంది, ఎవరూ ఎదురు అడగరు.

పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. లోపల ఒకే ఒక్క బొమ్మ ఉంది, మూలన చిన్న వంకర బాణం గుర్తుతో. దాని సైజు ఒక ఎస్సెమ్మెస్‌ కంటే కొంచెం పెద్దది. ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ అంత చిన్నగా ఉంటే ప్రపంచం చాలా ముందుకు పోయినట్టే.

"దీన్ని ఎక్కడ దాస్తారు?"

"బీర్వల, లాకర్ల పెడత. మిషన్ కొన్నకాడికెల్లి గాడనే ఉంటది. పొద్దున తీసి కంప్యూటర్‌కు పెడత, రాత్రి మల్ల లోపల పెట్టి తాళం ఏస్త."

అది షార్ట్‌కట్. షార్ట్‌కట్ అంటే సాఫ్ట్‌వేర్ కాదు, సాఫ్ట్‌వేర్ ఉన్న చోటికి దారి చూపే బోర్డు. హుజూర్‌నగర్ అని రాసున్న బోర్డు పీక్కుని ఇంటికి తెచ్చుకుంటే హుజూర్‌నగర్ వెంట రాదు. పాత కంప్యూటర్‌లో ఊరూ బోర్డూ ఒకచోటే ఉన్నాయి కాబట్టి, పెన్‌డ్రైవ్ పెట్టి బొమ్మ నొక్కగానే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. ఆమె పెన్‌డ్రైవ్‌లోంచే తెరుచుకుంటోంది అనుకుంది. అనుకోవడంలో తప్పు లేదు. రోజూ పనిచేసేదాన్ని ఎవరూ అనుమానించరు.

ఇదే మాట వీలైనంత మెత్తగా చెప్పాను. కవిత డబ్బా దగ్గరికి లాక్కుంది. తర్వాత మూత పెట్టింది.

"అయితే నా డిజైన్లు?"

"డిజైన్లు ఎక్కడ సేవ్ చేసేవారు?"

"సేవ్ అని కొడితే అదే సేవ్ చేసుకునేది గదా అన్నా. ఏడికి పోతయో నేనెన్నడు సూడలే."

మిషన్‌కు ఎక్కించే పెన్‌డ్రైవ్ వేరే ఉందట. దాన్ని ఎప్పటికప్పుడు ఖాళీ చేస్తేనే మిషన్ తీసుకుంటుంది. కాబట్టి అందులో పాతవేవీ లేవు.

అప్పటిదాకా వంకర కుర్చీలో ఓపికగా కూర్చున్న కమ్లమ్మ, కూతుర్ని ఏదో అడిగింది. కవిత ఏదో చెప్పింది. కమ్లమ్మ మళ్లీ అడిగింది. ఈసారి కవిత టేబుల్ మీది కేబుల్ చేతిలోకి తీసుకుంది. అప్పుడు కమ్లమ్మ నావైపు తిరిగింది.

"సారూ, మా అమ్మ పేటియా ఉండె. లంగా. దాని అంచు మా అమ్మ సేత్తోని కుట్టింది. ఆ కుట్టు ఇప్పుడు మా తండల ఎవ్వలకు రాదు, నాక్కూడ రాదు. ఈ పిల్ల అమ్మమ్మ పక్కన కూసోని ఒక్కొక్క కుట్టు లెక్క పెట్టి కంప్యూటర్ల గీసింది. మా అమ్మ సచ్చిపోయిననాడు ఆ పేటియా నేను దాసిపెడ్తనన్న. మనిషి గుడ్డ మనిషితోని పంపాలన్నరు మావోళ్లు. ఈమె ఏమన్నదంటే, పంపుదాం అమ్మా, కంప్యూటర్ల ఉన్నది గదా అన్నది."

"పంపారా?"

"పంపినం."

కవిత టేబుల్ మీద కేబుల్ సర్దుతోంది. అది సర్దాల్సిన అవసరం లేదు. తీజ్ పండగ దగ్గర పడుతోంది, తండాలో ఆడపిల్లలంతా ఆ అంచే కావాలన్నారట. అందుకే కొత్త కంప్యూటర్‌లో తెరవబోయింది. ఫొటో లేదా అంటే పాత ఫోన్‌లో తీసింది ఒకటి చూపించింది. అందులో ఎరుపు రంగు ఉన్నట్టు మాత్రం తెలుస్తోంది.

బోర్డు దొరికింది కాబట్టి దాని మీద ఏం రాసుందో చదవచ్చు. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే టార్గెట్ అని ఒక గడి ఉంటుంది. అసలు సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఏ మూలన కూర్చుందో అందులో పూర్తి చిరునామా ఉంటుంది. విండోస్ రెండుసార్లు మార్చినాయన ఈ గడి ఒక్కసారి చూసుంటే నాకు ఈ కేసు వచ్చేదే కాదు. గడిలో ఇలా ఉంది: డి డ్రైవ్, అందులో న్యూ ఫోల్డర్, దానిలోపల ఇంకో న్యూ ఫోల్డర్, దానిలోపల సాఫ్ట్‌వేర్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామూలు సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేస్తే అది సి డ్రైవ్‌లో తనకు కేటాయించిన గదిలోకి పోయి, కంప్యూటర్ దగ్గరున్న పేర్ల పట్టీలో తన పేరు రాయించుకుంటుంది. పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ అలా కాదు. మూటలా వస్తుంది, దాన్ని ఎక్కడ విప్పితే అక్కడే కూర్చుంటుంది, పట్టీలో పేరుండదు. విప్పేటప్పుడు ఎక్కడ పెట్టమంటారని ఒక్కసారి మర్యాదగా అడుగుతుంది. మనం చదవకుండా ఓకే కొడతాం. ఇక మళ్లీ అడగదు. న్యూ ఫోల్డర్‌లో కూర్చుందంటే కవితది ఈ రకమే. దాంట్లో ఒక మంచి గుణం కూడా ఉంది. తన సామానంతా తన ఫోల్డర్‌లోనే పెట్టుకుంటుంది. అంటే ఆ ఫోల్డర్ దొరికితే డిజైన్లు కూడా దొరుకుతాయి.

డి డ్రైవ్ అని చూడగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మా దిక్కు రిపేరువాళ్లకు ఒక ఆచారముంది. కంప్యూటర్‌కు ఏ రోగమొచ్చినా సి డ్రైవ్‌ను ఫార్మాట్ కొడతారు, డి డ్రైవ్‌ను ముట్టుకోరు.

"పాత కంప్యూటర్ ఏది?"

"ఎక్స్‌చేంజ్‌ల ఇచ్చిన" అంది కవిత, కేబుల్ వైపు చూస్తూ.

మర్నాడు కోదాడ వెళ్లాను. ఎక్స్‌చేంజ్ షాపు ఆయనది ఆంధ్ర వైపు మాట. "సి ఒక్కటే కొట్టామండి. డి జోలికి మేం పోము. పోతే ఎవరో ఒకరు వచ్చి ఏడుస్తారు" అన్నాడు. ఏడవడానికి వచ్చినవాణ్ణి నేనేనని ఆయనకు చెప్పలేదు. ఆ కంప్యూటర్‌ను మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు వాళ్లు కొన్నారట, కెమెరాల రికార్డింగ్ కోసం. కవిత షాపు మూసి నాతో బస్సెక్కింది. దారిపొడుగునా ఒక్కటే ప్రశ్న అడిగింది.

"కెమెరా రికార్డింగ్ ఏ డ్రైవ్‌ల పడ్తది అన్నా?"

"చూద్దాం" అన్నాను. డి లోనే పడుతుంది. అది అప్పుడే చెప్పడం ఎందుకని.

మిల్లులో ఆ కంప్యూటర్ చూసుకునేది సైదులు అనే గుమాస్తా. సీపీయూ మీద ఊక దుమ్ము దుప్పటిలా పరుచుకుంది. మేము వచ్చిన పని చెబితే సగం విన్నాడు.

"మీ పని తర్వాత సార్. ముందు నా పరేషాన్ సూడున్రి. డి డ్రైవ్‌ల జాగ లేదని రికార్డింగ్ ఆగిపోతుంది. మా సేటు నన్ను తిడుతుండు. ఎన్ని తీసేసినా జాగ పెరుగుతలేదు."

"ఏమేం తీసేశారు?"

"నాకు తెల్వనియన్నీ తీసేసిన."

కవిత పక్కనున్న వడ్ల బస్తా మీద కూర్చుంది. డి డ్రైవ్ తెరిచాను. రికార్డింగులున్నాయి, ఒక ఫోల్డర్‌లో సినిమాలున్నాయి. సైదులుకు తెలిసినవి అవే. న్యూ ఫోల్డర్ లేదు.

"ఇగ పోయినట్టేనా?" అంది కవిత.

నేను సైదులు చెప్పిందే ఆలోచిస్తున్నాను. ఎన్ని తీసేసినా జాగ పెరగలేదంటే, తీసేసినవి ఇల్లు దాటి పోలేదన్నమాట. డిలీట్ కొడితే ఏ ఫైలూ వెంటనే పోదు, రీసైకిల్ బిన్‌లోకి పోయి కూర్చుంటుంది. ఇల్లంతా ఊడ్చి చెత్త తలుపు వెనక పెట్టినట్టు. ఆ బుట్ట ఖాళీ చేసేదాకా జాగ ఖాళీ కాదు.

"రీసైకిల్ బిన్ ఎప్పుడైనా ఖాళీ చేశారా?"

"గదేంది?"

ఆ జవాబు విని నేను ఎంత సంతోషించానో సైదులుకు తెలియదు. బిన్ తెరిస్తే కిందికి దింపేకొద్దీ వస్తూనే ఉంది. పాత రికార్డింగులు, ఎవరివో పెళ్లి ఫొటోలు, పిల్లల లెక్కల పాఠాలు. ఆ మధ్యలో న్యూ ఫోల్డర్.

"కెమెరాల ఆయన రేపొచ్చి మొత్తం సాఫ్ చేస్తనన్నడు" అన్నాడు సైదులు, మాట కలపడానికి.

నేను రిస్టోర్ కొట్టాను. ఫోల్డర్ తన పాత చోటుకు వచ్చి కూర్చుంది. దాన్ని మొత్తంగా నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, లోపలున్న సాఫ్ట్‌వేర్ నొక్కాను. ఏమీ జరగనట్టే తెరుచుకుంది. డిజైన్ల పేర్లు వరసగా వచ్చాయి. కవిత లేచి నా భుజం మీదుగా వంగి చూసింది.

"కిందికి పో అన్నా. ఇంకా కిందికి. ఆగు, గదే."

అమ్మమ్మ అని ఉంది. తెరిచాను. అంచు ఎడమ నుంచి కుడికి ఒక్కో కుట్టూ పడుతూ గీసుకుంటూ పోయింది. అద్దాలు అతికించాల్సిన చోట గుండ్రంగా ఖాళీలు వదులుతూ, వాటి చుట్టూ తిరుగుతూ. కవిత కొంగుతో స్క్రీన్ మీద ఊక దుమ్ము తుడిచింది. స్క్రీన్ నాది, దుమ్ము అప్పుడే పడ్డది.

తర్వాత బిన్‌లో మిగిలిందంతా సైదులు ఒప్పుకున్నాక ఖాళీ చేశాను. జాగ ఎంత వచ్చిందో చూసి ఆయన నా వైపు చూసినట్టు నా చదువు పూర్తయిననాడు కూడా ఎవరూ చూడలేదు. "గీ బుట్ట సంగతి ముందుగాల ఎవ్వడు సెప్పలే సార్. సెప్తే రోజూ ఖాళీ సేసెటోణ్ణి" అన్నాడు. చెప్పనందుకు ఆ ఎవరికో మనసులో దండం పెట్టుకున్నాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంచెం మారింది. ఎవరైనా "సాఫ్ట్‌వేర్ ఉంది, పనిచేస్తలేదు" అంటే, ఏమైందని అడగడం మానేశాను. ఎక్కడుందో మీ చేత్తో తెరిచి చూపించండి అంటాను. సగం మంది డెస్క్‌టాప్ మీద బొమ్మ చూపిస్తారు. మిగతా సగం మంది నన్నే చూస్తారు. పేరున్న చోటునే వస్తువున్న చోటు అనుకోవడం మనకు అలవాటు, నాక్కూడా. పోర్టబుల్ వాటి విషయంలో ఆ అలవాటు ఖరీదు ఒక్కోసారి ఎక్కువ పడుతుంది.

రెండ్రోజులాగి కోదాడలో కవిత షాపుకు పోయి, కొత్త కంప్యూటర్ డి డ్రైవ్‌లో ఫోల్డర్ పెట్టాను. న్యూ ఫోల్డర్ పేరు తీసేసి ఎంబ్రాయిడరీ అని రాశాను. ఆమెతోనే తెరిపించాను, మూయించాను, మళ్లీ తెరిపించాను. ఒక కాపీ ఎర్ర డబ్బాలోని పెన్‌డ్రైవ్‌లో వేశాను, ఈసారి బోర్డు కాదు, ఊరినే. కమ్లమ్మ కంటికి కొత్త అద్దాలొచ్చాయి. వాటితో స్క్రీన్ దగ్గరగా వచ్చి అంచు మొత్తం గీసుకునేదాకా నిలబడి చూసింది.

"ఇప్పుడిది ఏడున్నది సారూ?"

చూపించాను. కంప్యూటర్‌లో ఒకచోట, పెన్‌డ్రైవ్‌లో ఒకచోట.

"ఇన్ని దినాలు ఏడుండె?"

"మిర్యాలగూడలో. ఒక మిల్లులో."

"మిల్లుల ఏడ?"

"చెత్తబుట్టలో" అన్నాను, వేరే మాట దొరక్క.

ఆమె అద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, కూతురి వైపు తిరిగింది. వాళ్ల భాషలో కాదు, తెలుగులోనే అంది.

"ఏడున్నదో తెల్వకుండనే, ఉన్నది గదా అని నాతోని ఎట్లన్నవే?"