పెద్దమ్మ ఇంటి గోడ మీద రాసిన మాట

ఆమె సిటీ బస్సులో కండక్టరు. మూత్రపిండాలకు ఇన్‌ఫెక్షన్ సోకి ఆసుపత్రిలో చేరితే ఇంజెక్షన్లు వేశారు. జ్వరం పోయింది, దాంతోపాటే వినికిడీ పోయింది. డిపో వాళ్ళు ఆమెను బస్సు దింపి టైర్ల గోదాములో కూర్చోబెట్టారు. అక్కడి గుమస్తాలు ఆమె ఎదుటే ఆమె మీద జోకులేసుకునేవారు. ఆమె పెదాల కదలికను చదవడం నేర్చుకుందని వాళ్ళకు తెలియడానికి చాలాకాలం పట్టింది. తెలిశాక గోదాములో మాటలే తగ్గిపోయాయి.

ఆ ఏడాది ప్రభుత్వాసుపత్రి, ఇంజెక్షన్ల తర్వాత చెవుడొచ్చిన వాళ్ళందరినీ పిలిచి జన్యు పరీక్షకు రక్తం తీసుకుంది. కంప్యూటరు మీద జన్యుక్రమాలు పోల్చి చూసే ఉద్యోగి ఒకతను ఆమెకు ఫోనులో టైపు చేసి చూపించాడు.

"మీ జన్యువుల్లో ఒక్క అక్షరం మారి ఉంది. జెంటామైసిన్ లాంటి మందులు మీలాంటి వాళ్ళ చెవుల్ని దెబ్బతీస్తాయి. ఈ మార్పు తల్లి నుంచే వస్తుంది. మీ అమ్మగారి అక్కచెల్లెళ్ళకూ వాళ్ళ పిల్లలకూ చెప్పాలి."

ఆమెకు అమ్మ గుర్తొచ్చింది. క్షయకు ఇంజెక్షన్లు వాడాక అమ్మకూ వినపడేది కాదు. పని తప్పించుకోవడానికి చెవిటి నటన చేస్తోందని అమ్మకు సొంత అక్క అయిన పెద్దమ్మే ఊరంతా చెప్పి నవ్వించేది. అమ్మ ఆ పేరుతోనే పోయింది.

చెప్పకుండా ఊరుకోవాలనే ఆమెకు అనిపించింది. వాళ్ళకూ తెలిసిరావాలని కూడా అనిపించింది. కానీ పెద్దమ్మ కూతురు నిండు గర్భిణి. అందుకే వెళ్ళింది.

పెద్దమ్మ కుర్చీ చూపించలేదు. విషయం విని మొహం మాడ్చుకుని కూతురితో ఏదో అంది. చెల్లెలు ఫోనులో టైపు చేసింది: "అమ్మ తర్వాత మాట్లాడదామంటోంది అక్కా."

"అలా అనలేదు. చెవులతో పాటు మతి కూడా పోయిందనీ, మీ వంశానికి మచ్చ అంటగట్టడానికి వచ్చాననీ అంది. అంతేనా పెద్దమ్మా?"

పెద్దమ్మ తడబడలేదు. ఈసారి ఒక్కో మాటా నోరు పెద్దగా తెరిచి మరీ అంది: "అంతే. నీ రోగం మాకు రుద్దకు. మీ అమ్మా ఇంతే, ఒట్టి నటన."

ఆమె టైర్ల మీద నంబర్లు రాసే మార్కరు సంచిలోంచి తీసి, కొత్తగా రంగేసిన హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసింది: జెంటామైసిన్ వద్దు. పెద్దమ్మ ఆమె జబ్బ పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చింది. ఆమె తలుపు వదలకుండా చెల్లెలి వైపే చూసి, "డాక్టరుకి చెప్పు" అంది. తలుపు పడింది.

గోడకు మళ్ళీ రంగేశారు. రెండుసార్లు వేసినా నల్లగా కనిపిస్తూనే ఉందట.

చెల్లెలి బిడ్డకు పుట్టగానే ఇన్‌ఫెక్షన్ వచ్చింది. డ్యూటీ డాక్టరు సిస్టరుకు ఆ మందే చెప్పాడు. చెల్లెలు బెడ్డు మీంచి లేచి అడ్డం పడింది. "మా అక్కకు అది వేశాకే చెవులు పోయాయి. రక్తపరీక్ష కూడా చేశారు." డాక్టరు విసుక్కుంటూనే జన్యు ల్యాబుకు ఫోను చేశాడు. వేరే మందు వేశారు, బిడ్డ కోలుకుంది. తర్వాత పరీక్ష చేస్తే బిడ్డలోనూ అదే అక్షరం మారి ఉందని తేలింది. బిడ్డకు చక్కగా వినపడుతోంది.

దాంతో ఇప్పుడు పెద్దమ్మ కూడా రక్తం ఇవ్వాల్సి వచ్చింది. చెల్లెలు పిలిస్తే ఆమె కూడా వెళ్ళింది. ల్యాబు ముందు బెంచీ ఒక్కటే ఉంది. చెల్లెలు బిడ్డతో మధ్యలో కూర్చుంటే, అటు చివర పెద్దమ్మ, ఇటు చివర ఆమె. పెద్దమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగింది.

"ఏమంటోంది?" అని ఆమె చెల్లెలిని అడిగింది.

"ఆ గోడ సంగతే, అక్కా."

"మా అమ్మ నటించలేదని ఒప్పుకోమను. గోడకు నేనే వచ్చి రంగేస్తాను."

పెద్దమ్మ వినపడనట్టే కూర్చుంది.