అండాలు చుక్కల బొమ్మలు

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో నా స్టీలు సామాన్ల దుకాణానికి సరిగ్గా ఎదురుగా అండాలు అనే ఆవిడ మిర్చిబజ్జీల బండి ఉంటుంది. బజ్జీలు బాగుంటాయి, అది ఊరంతా ఒప్పుకున్న మాటే. కానీ ముందు ఆమె గొంతు సంగతి చెప్పాలి. రైలు కూత పెడుతున్నప్పుడు కూడా అండాలు తిట్లు నా గల్లాపెట్టె దాకా ముక్క ముక్కా వినబడేవి. చిల్లర లేదన్నవాణ్ణి తిట్టేది. చిల్లర తెచ్చినవాణ్ణి ఇంత చిల్లర ఎవరు మోస్తారని తిట్టేది. అడ్డమొచ్చిన మేకను, దాని యజమానిని, ఆ యజమానికి మేకను అమ్మినవాణ్ణి కూడా వదిలేది కాదు. మా దుకాణానికి గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్లు బేరమాడటం మర్చిపోయి ఆ తిట్లు వింటూ నిలబడేవాళ్లు. నాకు దానివల్ల లాభమే అయినా, మనిషికి కాస్త ప్రశాంతత అక్కర్లేదా అని విసుగొచ్చేది.

ఆమె భర్త యాకయ్య నోట్లో నాలుక లేని మనిషి. బండి పక్కన పీట వేసుకుని మిరపకాయలకు గాట్లు పెడుతూ, రోజంతా తిట్లు పడుతూ ఉండేవాడు. మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం నూనె డబ్బా మూత కనబడలేదని అండాలు ఆయన్ని బజారంతా వినేలా దులిపేసింది. యాకయ్య లేచాడు. చేతులు కడుక్కుని తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"రేగొండకు పోతున్న, మా అక్క తానికి. నీ కోపం తగ్గినంక వస్త" అని చెప్పి బస్సెక్కేశాడు.

మూత ఆయన జేబులోనే ఉందట. రేగొండ చేరాక చూసుకున్నాడట. అయినా తిరిగి రాలేదు, మాట మాటే.

రెండు రోజులు అండాలు "పోతె పోనీ" అంది. ఆ తర్వాత నా దుకాణం మెట్టు మీదకొచ్చి కూర్చుంది. "సేటూ, పక్కన మనిషి లేకపోతె చెయ్యి సాగుతలేదు" అంది. అలా మెల్లగా మాట్లాడిన అండాలును నేనెన్నడూ చూడలేదు, నిజంగా జాలేసింది. ఫోన్ చేసి రమ్మనరాదా అంటే మాత్రం, "నేనెందుకు చెయ్యాలె? కాళ్లు లేవా ఆయనకు?" అని మళ్లీ గొంతు లేపింది.

ఆ ఆదివారం కూతురు విజయ వచ్చింది. జనగామలో ఒక దవాఖానలో నర్సు. సంచిలోంచి బొమ్మలేసుకునే తెల్లకాగితాల పుస్తకం, పెన్సిలు తీసి తల్లి చేతిలో పెట్టింది.

"అమ్మా, నాయిన ఒక్కటే మాట మీదున్నడు, నీ కోపం తగ్గాలె అని. మా డాక్టరమ్మ రోజు గిట్లనే బొమ్మలేసుకుంటది, మనసు నిమ్మలమైతదట. కోపమొచ్చినప్పుడల్ల నోరు మూస్కొని, ఎవలమీద వచ్చిందో ఆల్ల బొమ్మ గియ్యి."

"నాకేడొస్తయే బొమ్మలు? ముగ్గు తప్ప ఏం రాదు."

"ముగ్గే ఎయ్ మరి."

అండాలు కూతురు మాటను అక్షరాలా పాటించింది. బోణీ ఆటో భిక్షపతిది. బజ్జీ చల్లారిందన్నాడు. అండాలు నోరు తెరిచింది, మూసింది, పుస్తకం తీసింది. వాకిట్లో ముగ్గుకు పెట్టినట్టే ముందు చుక్కలు పెట్టింది, వరుసలు వంకర పోకుండా, నాలుక బయటపెట్టి మరీ. చుక్కలు పూర్తయ్యేసరికి ఆమె మొహం తేటపడింది. తర్వాత చుక్కలు కలుపుకుంటూ భిక్షపతిని తేల్చింది. మీసాలు తామరరేకుల్లా వచ్చాయి. అతను కుడి చెవి మీద బీడీ పెట్టుకుంటాడు. బొమ్మలో రెండు చెవుల మీదా బీడీలున్నాయి.

"ఒక్కటే గదక్కా నేను పెట్టుకునేది?" అన్నాడు భిక్షపతి.

"ముగ్గుల ఒక దిక్కు ఏముంటె ఇంకో దిక్కు గదే ఉండాలె. గంత గూడ తెల్వదా?" అంది అండాలు, కోపం లేకుండానే.

భిక్షపతి ఆ బొమ్మను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకున్నాడు. అక్కడ మొదలైంది పరేషాన్. మరునాడు ఆటో స్టాండు మొత్తం బండి ముందు దిగింది. "చట్నీల ఉప్పు లేదు" అన్నాడొకడు, వేళ్లు నాక్కుంటూ. "బజ్జీల మిర్చే లేదు" అన్నాడింకొకడు, కారానికి ముక్కు తుడుచుకుంటూ. అండాలు ఒక్కొక్కణ్ణీ ఉరిమి చూసి చుక్కలు పెట్టసాగింది. ఫోనులో మాట్లాడుతూ వచ్చినవాడికి రెండు చెవులకూ రెండు ఫోన్లు వచ్చాయి. ఒక కంటికి మెల్ల ఉన్న పాలాయనకు రెండు కళ్లూ మెల్లవేసి ముక్కు వైపు చూస్తున్నాయి. ఆయన ఇప్పుడు తన రెండు కళ్లూ సమానమయ్యాయని చెప్పుకు తిరుగుతున్నాడు. వినాయక చవితికి ఆటో స్టాండువాళ్లు కట్టించిన ఫ్లెక్సీలో శుభాకాంక్షలు చెప్పిన మొహాలు ఒక్కటి తప్ప అన్నీ చుక్కల మొహాలే. ఫోటో పెట్టించుకున్న ఒక్కడు చిన్నబుచ్చుకుని దాని ముందు నుంచి పోవడం మానేశాడు.

నేను కావాలని పోలేదు. పొగ నిజంగానే నా గిన్నెల మీదకొస్తోందని చెప్పడానికి వెళ్లాను, తల దువ్వుకుని. నా ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది. బొమ్మలో కుడి బుగ్గ మీదా వచ్చింది. బట్టతల నట్టనడుమ చుక్క మిగిలిపోయిందని అక్కడొక దీపం వెలిగించింది. మా ఆవిడ రుక్మిణి దాన్ని చూసి నవ్వి నవ్వి, సాయంత్రం ఆ దీపానికి దండం పెట్టుకుంది. ఇరవై ఏళ్ల కాపురంలో నాకు అంత భక్తిగా దండం పెట్టింది అప్పుడే.

ఇదంతా యాకయ్యకు ఎప్పటికప్పుడు చేరుతూనే ఉంది, ఎందుకంటే చేరవేసేది నేనే. దుకాణం కట్టేసే వేళకు రేగొండ నుంచి ఫోన్ వచ్చేది. "సేటూ, ఇయ్యాల ఎట్లున్నది?" అని వాన కబురు అడిగినట్టు అడిగేవాడు. ఇవాళ కేకల్లేవు, బొమ్మలే, అనేవాణ్ణి. మొదట సంతోషించాడు. తర్వాత ఎవరెవర్ని గీసిందని ఆరా తీయడం మొదలుపెట్టాడు. చివరికొక రోజు అసలు మాట బయటపడింది.

"భిక్షపతిని గీసింది, పాలాయన్ను గీసింది, నిన్ను గూడ గీసింది. మరి నన్ను?"

నేను చూసినంతలో నువ్వు లేవన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

మరునాడు మధ్యాహ్నానికి యాకయ్య బండి ముందున్నాడు. అండాలు చేతిలో గరిటె ఆగిపోయింది. వచ్చినవాడు బాగున్నావా అని కూడా అనకుండా పుస్తకం అందుకుని పీట మీద కూర్చుని తిరగెయ్యడం మొదలుపెట్టాడు. నేను దుకాణం వదిలేసి వచ్చాను. ఆటోలవాళ్లు చుట్టూ మూగారు. అన్ని మొహాలూ ఉన్నాయి. మేక ఉంది, రెండు గడ్డాలతో. యాకయ్య లేడు.

"ముప్పై ఏండ్ల సంది తిట్లు పడ్డది నేను. బొమ్మలేమో ఊరోళ్లయా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం వినడం మాకదే మొదటిసారి. "మరి గీ ఉత్త చుక్కల కాగితాలేంది? ఇన్ని కరాబు చేసినవ్?"

నిజమే, మొహానికీ మొహానికీ మధ్య చుక్కలు మాత్రమే ఉన్న పేజీలు ఎన్నో ఉన్నాయి. అండాలు బజ్జీలు తిప్పుతూ తల ఎత్తకుండా చెప్పింది.

"గవన్ని నువ్వే. ఇడిసిపెట్టి పోయినవని కోపమొచ్చేది, చుక్కలు పెట్టేదాన్ని. గీత మొదలుపెట్టేసరికి కోపం పోయి ఏడుపొచ్చేది. ఏడ్సుకుంట గీస్తె గీత నిలుస్తదా?"

ఆటోలవాళ్లు నేలచూపులు చూశారు. నేను ఊరికే దగ్గాను. యాకయ్య తువ్వాలతో మొహం తుడుచుకుని, చాలాసేపు ఆలోచించాడు. ఆయనకు ఎవరినీ రెచ్చగొట్టడం తెలియదు పాపం. చివరికి లేచి నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు.

"నీ బజ్జీల కంటె మా అక్క చేసే బజ్జీలే మంచిగున్నయ్."

భిక్షపతి రెండడుగులు వెనక్కి వేశాడు. అండాలు మొహం ఎర్రబడింది, నోరు తెరుచుకుంది. మేమంతా చెవులు మూసుకున్నాం. ఆమె పుస్తకం లాక్కుని, యాకయ్యను పీట మీద కూలదోసి, చుక్కలు పెట్టింది. ఈసారి గీత ఎక్కడా ఆగలేదు. బాండీలో బజ్జీలు బొగ్గయినా ఎవరమూ పట్టించుకోలేదు. యాకయ్య ముక్కు చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడి ఎడమకు తిరిగింది. ముగ్గు పద్ధతిలో అయితే అది రెండు వైపులా తిరగాలి. అండాలు చుక్కల్ని పక్కన పెట్టి, గీతను ఎడమకే లాగింది.

"గిది రెండో దిక్కు లేదేంది?" అన్నాను నేను ఉండబట్టలేక.

"ఆయన గట్లనె ఉంటడు సేటూ" అంది. తర్వాత పెన్సిలు జడలో దోపుకుని మొగుడి వైపు తిరిగింది. "బజ్జీల మాట అబద్ధమేనా?"

"అబద్ధమే."

"మీ అక్కకు ఫోన్ చేసి చెప్పు."

యాకయ్య బిక్కమొహం వేసుకుని మా అందరి వైపూ చూశాడు. ఎవరమూ ఆదుకోలేదు. ఫోన్ తీశాడు. "అక్కా... గదే... నీ బజ్జీలు మంచిగుండవ్" అన్నాడు. అవతల నుంచి వచ్చిన కేకలు మా అందరికీ వినబడ్డాయి. అండాలు గొంతు ఆ అక్క గొంతు ముందు ఏ మూలకూ రాదని మాకప్పుడే తెలిసింది. మళ్లీ తన గడప తొక్కితే కాళ్లిరగ్గొడతానంది ఆమె. అండాలు మాత్రం చెవి అటే పెట్టి, మొహమంతా వెలుగుతూ వింది.

ఫోన్ పెట్టేసి యాకయ్య పీట మీద కూలబడ్డాడు. "ఇగ నాకు పోతందుకు జాగ గూడ లేదు."

"పోవుడెందుకు? ఈడ్నే ఉండు" అని అండాలు మాడిన బజ్జీలు తీసి పారేసి, కొత్త పిండి కలపడం మొదలుపెట్టింది.