డోలక్ అమ్మాయి ఆపని పాట

హాలిఫాక్స్‌లో మా తెలుగు చర్చి పాటల బృందానికి డోలక్ వాయించిన అమ్మాయి వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చింది. వాయించేటప్పుడు గడ్డం పైకెత్తి మా మొహాలే చూసేది, జనం వంక తిరిగేది కాదు.

ఒక సాయంత్రం ఊళ్లోని ఆర్కెస్ట్రా కచేరీకి ముందు, హాలు బయట లాబీలో పాడమని మమ్మల్ని పిలిచారు. చలికాలమంతా సాధన చేసిన కీర్తన. ఆఖరి చరణం ఎత్తుకోబోతుండగా కచేరీ మొదలవుతోందని హాలు గంట మోగింది. వింటున్నవాళ్లు లోపలికి కదిలారు. మా గొంతులు సన్నబడ్డాయి.

"ఇక చాల్లే అమ్మా, సర్దేద్దాం," అన్నాను.

"వాళ్ల గంట వాళ్లది, ఆంటీ. మన చరణం ఇంకా ఉన్నది. పాడుండ్రి!" అంటూ దరువు పెంచింది.

గొంతెత్తి పాడాం. వెళ్తున్నవాళ్లు గుమ్మంలోనే నిలబడిపోయారు. తలుపులు మూయడానికి వచ్చినావిడ ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో తొడ మీద తాళం వేసింది.